ఆయన నడిచిన ఇల్లు

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ సామెత కట్టినవాడెవడో గాని, డెబ్బై దాటాక కాలు జారి ఉండడు. విరిగిన మణికట్టుకి కట్టు వేయించుకుంటూ టైలరమ్మ డాక్టరుతో ఈ మాటే అంది. డాక్టరు నవ్వాడు. పక్కనే నిలబడ్డ కూతురికి మాత్రం నవ్వు రాలేదు.

"జోకులు తర్వాత వేద్దువు గాని. ముందు ఎలా పడ్డావో చెప్పు."

చెప్పడానికేముంది? పడింది ఎక్కడో రోడ్డు మీద కాదు, మెట్ల మీద కాదు. సొంత ఇంట్లో, పట్టపగలు, హాలు మధ్యలో పడింది. మిషన్ ముందు కూర్చుని పక్కింటివాళ్ళ కర్టెన్లకి అంచు కుడుతోంది. స్టవ్ మీద పాలు చిటపటమన్న చప్పుడు వినిపించి గబుక్కున లేచింది. లేవగానే కళ్ళు బైర్లు కమ్మాయి. కాసేపు ఆగాల్సింది. తను ఆగినా పాలు ఆగవు కదా! నాలుగడుగులు వేసిందో లేదో, తివాచీ అంచు కిందకి బొటనవేలు దూరింది. పడబోతూ అలవాటుగా చెయ్యి ఆనించింది. మణికట్టు పటుక్కుమంది. తుంటికి దెబ్బ తగిలింది గాని, విరగలేదు. అది అదృష్టమన్నారు.

పాలు మాడి, గిన్నె నల్లబడి, ఆ వాసనకి పైఅంతస్తు ఆవిడ దిగి వచ్చేదాకా టైలరమ్మ నేల మీదే ఉండిపోయింది. నొప్పి ఒకవైపు ప్రాణం తోడేస్తున్నా, నేల మీద చెంప ఆనించి ఇల్లంతా చూస్తుంటే ఆమెకి ఒకటే ఆశ్చర్యం. ఎటు చూసినా కాళ్ళే. కుర్చీ కాళ్ళు, ముక్కాలిపీట కాళ్ళు, పూలకుండీల స్టాండు కాళ్ళు, ఎవరూ కూర్చోని సోఫా కాళ్ళు. ఇన్ని కాళ్ళు ఈ ఇంట్లోకి ఎప్పుడు నడిచి వచ్చాయా అనుకుంది.

ఒకప్పుడు ఆ ఇంట్లో నేల మీద గుండుసూది కూడా ఉండేది కాదు. ఎందుకంటే ఆ ఇంటాయనకి చూపు లేదు.

ఆయన బట్టల మిల్లులో టెలిఫోన్ ఆపరేటరు. ఆఫీసు మేడ కింద చిన్న గదిలో, పెద్ద స్విచ్‌బోర్డు ముందు చెవులకి తొడుగు పెట్టుకుని కూర్చునేవాడు. మిల్లు మొత్తంలో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆయన చేతి మీదుగానే. టైలరమ్మ అప్పట్లో యూనిఫారాలు కుట్టే సెక్షన్‌లో పనిచేసేది. దారపు రీళ్ళు అయిపోయినప్పుడల్లా ఫోనెత్తి, "స్టోర్సుకి కలపండి" అనేది. ఒకరోజు అవతలి నుంచి ఆ గొంతు, "కలుపుతాను. కానీ జలుబు చేసినట్టుంది, ముందు కాస్త వేడినీళ్ళు తాగండి," అంది. ఆమె ఇంకా ఒక్క తుమ్మయినా తుమ్మలేదు. సాయంత్రానికి ముక్కు కారడం మొదలైంది.

ఆ తర్వాత వాళ్ళ సెక్షన్‌లో దారం మహా త్వరగా అయిపోవడం మొదలెట్టింది.

పెళ్ళయి కాపురానికి వచ్చిన రోజునే ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పాడు. ఇల్లు చూపించడం ఆనవాయితీయే గాని, చూపులేనివాడు చూపించడం ఆమెకి వింతగా అనిపించింది. "ఇది బల్ల. కుర్చీ ఎప్పుడూ దీని కిందకి నెట్టే ఉంటుంది. తలుపు తెరిస్తే గోడకి ఆనేదాకా తెరువు, మూస్తే గడియ పడేదాకా మూసెయ్. సగం తెరిచిన తలుపుని మించిన శత్రువు లేదు నాకు. బక్కెట్టు ఆ మూల. చెప్పులు ఈ అరలో. నేల మీద ఏదీ వద్దు. నేల నాది, మిగతా ఇల్లంతా నీది," అన్నాడు.

ఆ చివరి మాట ఆమెకి భలే నచ్చింది. నలభై ఏళ్ళపాటు నేల ఆయనకి వదిలేసింది.

బయట ఆయన నడక వేరు. కర్ర పట్టుకుని, భుజాలు కొంచెం ముడుచుకుని, ప్రతి అడుగూ అనుమానంగా వేసేవాడు. రోడ్డు తవ్వి వదిలేసినవాళ్ళని తలుచుకుంటూ మోకాలు చెక్కుకుని వచ్చిన రోజులున్నాయి. గుమ్మం దాటి లోపలికి రాగానే మాత్రం మనిషి మారిపోయేవాడు. కర్ర మూలన పెట్టి, భుజాలు విప్పుకుని, రాజులాగా నడిచేవాడు. నడవాలోంచి వెళ్ళేటప్పుడు కుడిచేతి వేళ్ళ వెనకభాగం గోడకి మెత్తగా రాసుకుంటూ పోయేవాడు. తెల్లవారకముందే లేచి, దీపం అవసరం లేని మనిషి కాబట్టి చీకట్లోనే టీ పెట్టి, రెండు కప్పులు రెండు చేతుల్లో పట్టుకుని పడకగదికి తెచ్చేవాడు. రెండు చేతులూ కప్పులకే సరిపోయినప్పుడు మోచేత్తో గోడని తడుముకునేవాడు. ఒక్క చుక్క ఒలికేది కాదు. ఆమె కళ్ళు నులుముకుంటూ లేచేసరికి, "ఇంకా చీకటిగానే ఉందా?" అని అడిగేవాడు. అదీ ఆయన జోకు. ప్రతిరోజూ అదే జోకు. పెళ్ళయిన కొత్తలో నవ్వింది, నడుమ విసుక్కుంది, చివర్లో ఆ మాట వినకపోతే తెల్లవారినట్టే ఉండేది కాదు.

అలాగని ఆమెకి ఏ కష్టమూ లేదనుకుంటే పొరపాటు. కుట్టుపని చేసే మనిషికి నేల మీద ఏమీ పడకూడదంటే మాటలా? గుడ్డ కత్తిరిస్తే పీలికలు నేల మీద పడక నెత్తిన పడతాయా? ప్రతి పీలికా ఏరి సంచిలో వేసేది. తోటి టైలర్లు ఆ పీలికలతోనే రంగురంగుల తివాచీలు అల్లి గదుల్లో పరుచుకునేవారు. వాళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడల్లా వాటి మీద కాలు పెట్టడానికి ప్రాణం ఒప్పక, వంగి చేత్తో నిమిరి వచ్చేది. ఇంటికొచ్చి ఆయనకి చెబితే, "అల్లుకో, గోడకి తగిలించుకో," అనేవాడు. తివాచీని గోడకి తగిలించేదేమిటి, ఎవరైనా వింటే నవ్వరూ!

ఆయన పోయాక నెలరోజులపాటు ఇల్లు ఉన్నది ఉన్నట్టే ఉంది. ఒకరోజు అన్నం తిని లేచి, కుర్చీని బల్ల కిందకి నెట్టకుండానే వెళ్ళి పడుకుంది. మధ్యాహ్నం లేచి చూస్తే కుర్చీ హాలు మధ్యలో ఎక్కడిదక్కడే ఉంది. ఎవరికీ తగల్లేదు. ఎవరూ "అమ్మా!" అనలేదు. ఆ కుర్చీ పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు కూడా దాన్ని అక్కడే ఉంచింది. మూడోరోజు పీలికల సంచులు అటక మీంచి దింపించింది.

ఆ తర్వాత ఆమెని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. గదికో తివాచీ అల్లింది. గుమ్మానికొకటి, మంచం పక్కనొకటి, మిషన్ ముందొకటి. ముక్కాలిపీటలు కొంది. పూలకుండీలు లోపలికొచ్చాయి. నడవాలోకి అద్దాల బీరువా వచ్చింది. చూసినవాళ్ళంతా ఇల్లు ఎంత కళగా ఉందో అన్నారు. నిజమే, కళగానే ఉండేది. తన చేతి రంగులు తన కాళ్ళ కింద చూసుకుంటూ నడవడానికి ఆమె నలభై ఏళ్ళు ఆగింది మరి.

అలాంటి ఇంట్లోకి, ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి, ఫిజియో అమ్మాయి అడుగుపెట్టింది. నెమ్మదైన పిల్లే గాని కళ్ళు మహా చురుకు. టైలరమ్మని కుర్చీలోంచి లేచి వంటింటిదాకా నడిచి రమ్మంది. టైలరమ్మ బాగున్న చెయ్యి సోఫా మీద వేసి, అక్కణ్ణుంచి బల్ల అందుకుని, బల్ల నుంచి బీరువా అందుకుని, ఎలాగో వెళ్ళి వచ్చింది.

"మీరు నడవడం లేదమ్మా, సామాన్లు పట్టుకుని ఈదుతున్నారు," అంది ఫిజియో అమ్మాయి. "ముందు ఈ మ్యాట్లు తీసెయ్యాలి. నడిచే దారిలో ఏమీ ఉండకూడదు. ఆ నడవాలో పట్టుకోవడానికి కమ్మీ, బాత్రూంలో కూడా ఒకటి పెట్టించాలి. లేచీ లేవగానే పరుగెత్తకుండా మంచం అంచున కాసేపు కూర్చోవాలి. మీరు వాడే బీపీ మాత్రల వల్ల కూడా ఒక్కోసారి కళ్ళు తిరగొచ్చు. వాటి సంగతి నేను డాక్టరుగారితో మాట్లాడతాను."

టైలరమ్మ మొహం మాడిపోయింది. "నలభై ఏళ్ళు ఇంకొకరి కాళ్ళ కోసం ఇల్లు పెట్టుకున్నానమ్మాయ్. ఇప్పుడు నా కాళ్ళ కోసం పెట్టుకున్నాను. ఇది కూడా కూడదంటావా?" అంది.

ఆ పిల్లకి ఆ మాట అర్థం కాలేదు. కూతురికి అర్థమైంది గాని, అడుసు తొక్కనేల కాలు కడగనేల అంది. తివాచీలన్నీ చుట్టచుట్టి తీసుకుపోతానంది. అంతా వదిలేసి తన ఇంటికి వచ్చెయ్యమంది. తల్లీకూతుళ్ళ మధ్య మాటామాటా పెరిగింది. కూతురు స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది. రోజూ సెలవు పెట్టలేదు, తల్లిని ఒంటరిగా వదల్లేదు. చివరికి ఆలోచించి ఆలోచించి మేనత్తకి ఫోన్ చేసింది.

మేనత్త పేరుకి బుల్లి. చిన్నప్పుడు బుల్లిగా ఉండేదేమో గాని, ఇప్పుడు గుమ్మంలో నిలబడితే గాలి దూరదు. పోయినాయనకి స్వయానా చెల్లెలు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. టైలరమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ సామెత ఊరికే పుట్టలేదని రుజువు చేసినామె కూడా. కాలక్రమాన వదినా మరదళ్ళ మధ్య వేళాకోళాలు మిగిలాయి, కోపాలు కరిగాయి.

సంచి కిందపెట్టబోయి, ఆగి, దాన్ని బల్ల మీద పెట్టింది బుల్లి. డెబ్బై ఏళ్ళు వచ్చినా ఆమెకి నేల మీద సంచి పెట్టడం రాదు. ఇంట్లో అన్నయ్య ఉన్నాడు కాబట్టి చిన్నప్పుడు పలకా బలపం కింద కనిపిస్తే చాలు, తల్లి వీపు విమానం మోత మోగించేది.

"ఏం వదినా, ఎగరడం నేర్చుకుంటున్నావట?" అంది.

"నేర్చుకున్నాను. దిగడమే ఇంకా రాలేదు," అంది టైలరమ్మ.

బుల్లి వచ్చాక ఇంట్లో మాట వినబడింది గాని, టైలరమ్మ కాలు మాత్రం కదల్లేదు. అసలు సంగతి ఏమిటంటే ఆమెకి భయం పట్టుకుంది. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు. కుర్చీలోంచి లేవాలంటే గుండె దడదడమనేది. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. ఆమె కాలు ఊరుకుంది, నోరు ఊరుకోలేదు. అది ఇవ్వు, ఇది తే, కిటికీ మూయి అని కూర్చున్నచోటి నుంచే పెత్తనం చేసింది. ఫిజియో అమ్మాయి చెప్పిన వ్యాయామాలు చెయ్యమంటే, మొక్కై వంగనిది మానై వంగుతుందా అనేది. వారం తిరిగేసరికి లేచి నిలబడితే కాళ్ళు వణకడం మొదలైంది. కూర్చుంటే కాళ్ళు ఇంకా సన్నబడతాయని ఆ పిల్ల మొత్తుకుంటూనే ఉంది.

బుల్లి తివాచీల జోలికి పోలేదు. ఒక్కటి కూడా తియ్యమనలేదు. ఒక మధ్యాహ్నం ఇద్దరూ టీ తాగుతుండగా, ఇల్లంతా ఒకసారి కలియజూసి, "వదినా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవుగా? ఇప్పుడు అన్నయ్య వస్తే ఈ ఇంట్లో నడవగలడా?" అంది.

టైలరమ్మ కప్పు పక్కన పెట్టింది.  గుమ్మం వైపు చూసింది. ఆయన లోపలికొచ్చి, కర్ర మూలన పెట్టబోయి, అక్కడున్న పూలకుండీకి తగులుకుని, బిత్తరపోయి, సొంతింట్లో భుజాలు ముడుచుకుని నిలబడినట్టు కళ్ళకి కట్టింది.

"నడవలేడు," అంది.

"నీకు కళ్ళున్నాయి. నువ్వు మాత్రం నడుస్తున్నావా?"

ఆ మాట సూదిలా గుచ్చుకుంది. సూదితోనే బతికిన మనిషి కాబట్టి తట్టుకుంది.

"లే బుల్లీ. నా చెయ్యి పట్టుకో. ఆయనలాగా ఒకసారి నడిచి చూస్తాను," అంది.

బుల్లి ఆమె బాగున్న చేతిని గట్టిగా పట్టుకుంది. టైలరమ్మ కళ్ళు మూసుకుంది. ఎన్నాళ్ళకో తనంతట తాను కుర్చీలోంచి లేచిన సంగతి ఆమె గమనించనే లేదు. మొదటి అడుగుకి ముక్కాలిపీట తగిలింది. "అది నేను పెట్టిందే," అంది. రెండు అడుగులు వేసేసరికి సోఫా మూల మోకాలికి తగిలింది. "అదీ నేనే." తివాచీ అంచు కాలికి తగలగానే బుల్లి ఆమెని అమాంతం ఎత్తినట్టు పట్టి ఆపింది. ఇద్దరికీ నవ్వు ముంచుకొచ్చింది. నవ్వి నవ్వి, కళ్ళు మూసుకున్న టైలరమ్మ చెంపల మీదుగా నీళ్ళు కారాయి. అవి నవ్వుకి వచ్చినవో మరెందుకు వచ్చినవో బుల్లి అడగలేదు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఫిజియో అమ్మాయి వచ్చింది. కట్టు కట్టుకున్న పేషెంటు కళ్ళు మూసుకుని తివాచీ మీద నిలబడి ఊగుతోంది. ఆవిడకంటే పెద్ద వయసులా కనబడే ఇంకో ఆవిడ ఆమెని పట్టుకుని ఊగుతోంది.

"ఏం చేస్తున్నారండీ మీరిద్దరూ? నా ఉద్యోగం పోగొడతారా?" అని ఆ పిల్ల ఒక్క కేక పెట్టింది.

"కోప్పడకు తల్లీ," అంది టైలరమ్మ కళ్ళు తెరిచి. "తివాచీలు తీసేద్దాం. నీ మాట విని కాదు. ఇంకొకాయన మాట విని."

ఆదివారం కూతురు వచ్చింది. మళ్ళీ యుద్ధం తప్పదని నడుం బిగించి వచ్చిన మనిషి, తల్లి కుర్చీలో కూర్చుని సైన్యాధిపతిలా ఆజ్ఞలిస్తుంటే నోరు వెళ్ళబెట్టింది. సోఫా పైఅంతస్తు ఆవిడకి వెళ్ళింది. పూలకుండీలు బయట మెట్ల పక్కకి, ఎవరి కాలికీ తగలని చోటికి చేరాయి. రోజూ వాడే గిన్నెలు పై అరల్లోంచి నడుం ఎత్తులోకి దిగాయి. బల్ల ఎక్కడ ఉండేదో గుర్తుందా అని కూతురు అడిగితే, నేల మీద పాత గుంటలు చూపించింది. బల్ల కాళ్ళు ఏళ్ళ తరబడి ఒకే చోట నిలబడి నిలబడి చేసుకున్న గుంటలవి. బల్ల వాటిలో కూర్చోగానే, తప్పిపోయిన పిల్ల ఇల్లు చేరినట్టు అనిపించింది.

నడవాలో బీరువా మిగిలింది. దాన్ని కదిలించడానికి కూతురూ, పైఅంతస్తు ఆవిడ కొడుకూ కలిసి కిందామీదా పడ్డారు. బీరువా పక్కకి జరిగింది. వెనక గోడ బయటపడింది. 

పాత ఆకుపచ్చ రంగు గోడ మీద, పడకగది గుమ్మం నుంచి వంటింటి గుమ్మం దాకా, ఒక చార. ఆ చార మేర రంగు వెలిసి, నునుపు తేలి, కిటికీ వెలుగుకి సన్నగా మెరుస్తోంది. ఎన్నిసార్లు రంగు వేయించినా ఏడాది తిరక్కుండా మళ్ళీ తేలేది. "ఈ గోడని మీరు అరగదీసి పక్కింట్లోకి వెళ్ళేటట్టున్నారు," అని ఆమె ఎన్నోసార్లు సణిగింది. ఆయన పోయాక ఆ చార చూడలేకే బీరువా కొని అడ్డం పెట్టింది. ఆ సంగతి ఇంతవరకూ తనకి తానే ఒప్పుకోలేదు.

టైలరమ్మ లేచింది. ఎవరూ చెయ్యి అందించలేదు, ఆమె అడగలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, వేళ్ళ వెనకభాగం చార మీద ఆనించి, వంటింటిదాకా నడిచింది. తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"అమ్మా, చాల్లే, అలిసిపోతావు," అంది కూతురు.

"ఊరుకోవే అమ్మాయ్," అంది బుల్లి. "వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు."

మర్నాడు వడ్రంగి కమ్మీ బిగించడానికి వచ్చాడు. చెక్క కమ్మీ చేతికి అమరేలా గుండ్రంగా చెక్కి తెచ్చాడు. ఏ ఎత్తులో పెట్టమంటారని అడిగాడు. బుల్లి చటుక్కున, "ఇదిగో, ఈ గీత మీదే పెట్టు నాయనా," అంది.

"వద్దు," అంది టైలరమ్మ. "మీ అన్నయ్య నాకంటే జానెడు పొడుగు. ఆయన ఎత్తులో పెడితే నేను పట్టుకుని నడవను, వేలాడతాను. దానికంటే కిందగా, నా చేతికి అందేట్టు పెట్టు బాబూ. ఆ గీత మీద మాత్రం ఒక్క మేకు కూడా పడకూడదు."

వడ్రంగి ఆమె చెయ్యి వేలాడేసి నిలబడమన్నాడు. మణికట్టు ఎత్తు చూసి గుర్తు పెట్టుకున్నాడు. చార కింద కమ్మీ ఒకటి, బాత్రూంలో రెండు బిగించి వెళ్ళిపోయాడు.

ఆ పనంతా అయ్యాక ఒక సంగతి బయటపడింది. బుల్లి చేతులు కడుక్కుంటుంటే, ఎప్పుడూ కిందకి దించి ఉండే పొడుగు జాకెట్టు చేతులు పైకి మడిచింది. మోచేతి దగ్గర కమిలి పసుపుపచ్చబడ్డ మచ్చ కనబడింది.

"అదేమిటే?" అంది టైలరమ్మ.

"తలుపు తగిలింది."

"తలుపు తగిలితే మోచేయి వెనక తగులుతుందా? నా దగ్గరా నీ కథలు?"

బుల్లి కుళాయి కట్టేసింది. "పడ్డాను వదినా. బాత్రూంలో. అంతకు ముందొకసారి మెట్ల దగ్గర. ఎవరికీ చెప్పలేదు. చెబితే మావాడు, కోడలు నన్ను కదలనివ్వరు. మంచం మీద కూర్చోబెట్టి పిల్లలకి చూపించే బొమ్మని చేస్తారు. మీ అమ్మాయి ఫోన్ చేసి అత్తా వస్తావా అంటే, నాకేదో ఉద్యోగం ఇచ్చినట్టు పరుగెత్తుకొచ్చాను."

టైలరమ్మ తువ్వాలు తీసి ఆమె చేతికిచ్చింది. ఇన్నాళ్ళూ తన చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి తనకంటే భయంతో నడుస్తోందన్నమాట. "పిచ్చిదానా," అంది టైలరమ్మ. "నా ఒక్కదానికే ఎగరడం వచ్చనుకున్నాను."

ఆ రోజు నుంచి వ్యాయామాలు ఇద్దరూ చేశారు. వంటింటి గట్టు పట్టుకుని ఒక కాలి మడమ ముందు ఇంకో కాలి వేళ్ళు పెట్టి నిలబడటం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవడం. ఎవరు ఎక్కువసేపు నిలబడతారో అని పందెం. బుల్లి ప్రతిసారీ దొంగాట ఆడి చిటికెనవేలు గట్టుకి ఆనించేది. ఫిజియో అమ్మాయి వచ్చి ఇద్దరినీ స్కూలు పిల్లల్లాగా గోడ వైపు నిలబెట్టేది. డాక్టరు మాత్ర ఒకటి మార్చాడు. పాత వదులు చెప్పులు పోయి, మడమ పట్టి ఉండే చెప్పులు వచ్చాయి. వాటిని చూసి, అమ్మ కొత్త పెళ్ళికూతురికంటే ఎక్కువ ముచ్చటపడుతోందని కూతురు వెక్కిరించింది.

కట్టు విప్పిన తర్వాత మణికట్టు బిగుసుకుపోయి ఉంది. చేతికి పని చెప్పమన్నారు. టైలరమ్మ తివాచీల చుట్టలు బయటికి తీసింది. ఏడుస్తుందేమోనని కూతురు పక్కనే నిలబడింది. ఆమె ఏడవలేదు. పెద్ద కత్తెర పట్టుకుని వాటిని చతురస్రాలుగా కత్తిరించి, అంచులు కుట్టి, కుర్చీలకి మెత్తలు చేసింది. "కాలి కింద వెయ్యడానికి ప్రాణం ఒప్పేది కాదు నాకు మొదట్లో. ఇదే నయం," అంది. ఒక మెత్త బుల్లికి, ఒకటి కూతురికి, ఒకటి ఫిజియో అమ్మాయికి. ఆ పిల్ల వద్దంటే, "నా నడుముకి నువ్వు, నీ నడుముకి ఇది," అని సంచిలో కూరింది.

నెమ్మదిగా బుల్లి ఇంటికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. కొడుకు కారు తెస్తానన్నాడు. బుల్లి వద్దంది, బస్సులో వస్తానంది. ఒంటరిగా ఎలా వస్తావని అతను గొడవపడుతుంటే టైలరమ్మ ఫోన్ లాక్కుని, "ఒంటరిగా ఎందుకొస్తుందిరా, నేను దిగబెడతాను. మీ బాత్రూం ఒకసారి చూసి వెళ్ళాలి నేను," అంది. అవతల అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఇద్దరూ బస్సెక్కారు. పడిన తర్వాత, ఆసుపత్రికి తప్ప, టైలరమ్మ వీధి మలుపు దాటడం అదే మొదలు. ఖాళీ బస్సు. కిటికీ పక్క సీటు కోసం కాసేపు కీచులాడుకుని, చివరికి ఇద్దరూ చెరో కిటికీ దగ్గర, ముందూ వెనకా కూర్చున్నారు. మాట్లాడుకోవడానికి బుల్లి మెడ తిప్పుకోవాల్సి వచ్చింది.

"ఈ రూటులోనే కదా అన్నయ్య మిల్లుకి వెళ్ళేది?"

"ఇదే. స్టాపులు వాసనతో చెప్పేవాడు. ముందు బేకరీ, తర్వాత తోళ్ళ గోదాము, ఆ తర్వాత సబ్బుల ఫ్యాక్టరీ. ఒకసారి నాకు జలుబు చేసి నేను దిగాల్సిన స్టాపు దాటిపోతే, ముక్కు సరిగ్గా లేనివాళ్ళు బస్సెక్కకూడదన్నాడు."

"నన్ను ఒకసారి సినిమాకి తీసుకెళ్ళాడు చిన్నప్పుడు. సినిమా అంతా నేను చెబుతుంటే వింటున్నాడు. చివర్లో హీరోయిన్‌కి పెళ్ళయిందని అబద్ధం చెప్పాను. నిజానికి ఆవిడ చచ్చిపోయింది."

"ఆ సంగతి నాకు చెప్పాడు," అంది టైలరమ్మ. "నీ గొంతు వణికిందట. ఆయనకి అప్పుడే తెలిసిపోయింది."

బుల్లి మెడ తిప్పుకునే ఉండిపోయింది. "తెలిసిందా? ఇంటికొచ్చి పెళ్ళి బాగా జరిగిందని అమ్మకి కూడా చెప్పాడే!"

వాళ్ళు అలా మాట్లాడుకుంటూనే ఉన్నారు. సబ్బుల ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది, వాసన లేదు. బుల్లి దిగాల్సిన స్టాపు వచ్చింది, పోయింది. తర్వాతి స్టాపులో గాని చూసుకోలేదు. డ్రైవరు బస్సు పూర్తిగా ఆపేదాకా సీట్లలోంచి లేవలేదు. కమ్మీ పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు దిగారు.

వచ్చిన దారినే ఒక స్టాపు వెనక్కి నడవాలి. టైలరమ్మ మరదలి మోచేయి పట్టుకుంది. బుల్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ పేవ్‌మెంటు మీద నెమ్మదిగా నడవడం మొదలుపెట్టారు.

"మొత్తానికి ఆవిడ ఎలా చచ్చిపోయింది?" అంది టైలరమ్మ.

"ఎవరు?"

"ఆ హీరోయిన్."

బుల్లి కథ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.